రాయని వరుస

రాత్రి రెండూ పది.
ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ మీది గది.
కింద మర ఐసుదిమ్మల్ని నములుతోంది,
పైన నా ప్రోగ్రాము లేవనంటోంది.

తెల్లారితే బోట్ల సంఘానికి వెబ్‌సైట్ చూపించాలి:
ఏ బోటు ఎప్పుడొచ్చింది, ఎంత దింపింది,
వంజరం ఎన్ని కిలోలు, కానాగంతలు ఎన్ని గంపలు,
రొయ్య ఏ రేటుకు పోయింది.
పేజీ నొక్కితే ఎర్రగా ఒకటే మాట:
వేలంపాటను లేపబోయాను,
అది తూకం కావాలంది,
తూకం అనే పేరుతో నా దగ్గర ఎవరూ నమోదు కాలేదు.

కాకపోవడమేమిటి!
తూకాన్ని రాసింది నేనే. మొన్న
ద్వారకా బస్టాండులో కొత్తవలస బస్సు రాక,
లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, పక్కనున్నావిడ మోచేయి తగులుతుంటే.
ఫైలు తెరిచి చూశాను, ఉంది.
పేరు అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను, సరిపోయింది.
మెషీన్ ఆపి వేశాను.
నిమ్మకాయ దొరికుంటే దిష్టి కూడా తీసేదాన్ని.
రుషికొండ కంపెనీలో ఇదే తప్పుకి
ఒక కొత్త కుర్రాడిని చూసి నవ్వినట్టు గుర్తు.

టీ తెచ్చిన వాచ్‌మన్ ఎల్లాజీ తెర మీదకి వంగాడు.
"ఏటంతంది పాపా?"
"మనిషి ఉన్నాడు గానీ, ఎవరో తెలీదంటోంది."
"అయితే పుస్తకంలో రాసుండరు" అన్నాడు
గ్లాసు కింద పెట్టకుండానే.
"మా నూకాలు పదకొండేళ్ళు రొయ్యలొలిసింది ఆ షెడ్డులో.
షెడ్డు మూసీనాడు అందరికీ డబ్బులిచ్చినారు,
దాని పేరు నేదు.
ఎందుకు నేదో సెప్పినోడూ నేడు.
నీ మిసనే నయం.
ఎవులు నేరో, ఎవులికోసం ఎతికిందో, రెండూ సెప్తంది."

టీలో అల్లం ఎక్కువైంది.
నేనేమీ అనలేదు. మొదలు ఫైలు తెరిచాను.
బోటు ఉంది, టోకెను ఉంది, డీజిలు, ఐసు ఉన్నాయి వరసగా.
తూకం లేదు.
పని నేర్పాను గానీ
పనిలోకి తీసుకున్నానని చెప్పడం మరిచాను.

చెప్పడానికి ఒక్క వరుసే. కానీ ముందు తేల్చమంటుంది:
పర్మనెంటా, దీపం వెలిగినంతసేపూ ఒక్కడేనా?
షిఫ్టు మనిషా, చేతిలో పని ముగిశాక వెళ్ళిపోయేవాడా?
లేక పిలిచినప్పుడల్లా కొత్తగా వచ్చే రోజుకూలీనా?
మా నాన్న పోర్టులో మూడో రకం.
ఇరవై రెండేళ్ళు, ప్రతి పొద్దునా కొత్తవాడే.

షిఫ్టు మనిషి అని రాశాను.
ఒక బోటు బరువు ఇంకో బోటుకి అంటుకోకూడదు కదా.
నొక్కాను. మళ్ళీ ఎరుపు.
కానీ మాట మారింది: తూకం వచ్చింది,
వస్తూనే తరుగు ఏదీ అంది,
తరుగు ఎవరో తెలీదు.
చేప నీళ్ళు కారితే తగ్గే బరువు లెక్క,
దాన్నీ రాసి ఓ మూల వదిలేశాను.
నవ్వొచ్చింది.
తప్పు మారిందంటే మెట్టు దిగామనే.
ఇంకో వరుస.

నాలుగుంబావుకి పేజీ తెరుచుకుంది.
పట్టికంతా సున్నాలు, శుభ్రంగా.
డాల్ఫిన్స్ నోస్ అవతలనుంచి ఏదో ఇంజను
దగ్గుతూ దగ్గుతూ వస్తోంది.

బ్యాగు సర్దుకుని గేటు దగ్గరకొస్తే
ఎల్లాజీ గొలుసు తియ్యడు.
"రాత్రి నువ్వు లోపలికొచ్చినట్టు పుస్తకంలో నేదు పాపా.
వచ్చినట్టు నేకపోతే ఎల్లినట్టు ఎలాగ రాసీది?"
దారానికి కట్టిన పెన్ను. ఉప్పుగాలికి ఉబ్బిన కాగితం.
గేదెల హైమ, తొమ్మిదీ నలభై, పని: తూకం
అని రాశాను.
టార్చి వేసి వేలు పెట్టి చదువుకున్నాడు.
"సంతకం" అన్నాడు.